ఎర్రగదిలో పిల్ల

'జేన్ ఎయిర్' అనగానే మనలో చాలామందికి రోచెస్టర్ గుర్తొస్తాడు. కనుబొమలు ముడేసుకుని, మంచు మీద గుర్రంతో సహా జారిపడే ఆ పెద్దమనిషి, ఆయనగారి మేడలో అర్ధరాత్రి వినిపించే వికటమైన నవ్వు, చర్చిలో సరిగ్గా పెళ్ళి జరగబోయే క్షణాన ఎవరో లేచి అభ్యంతరం చెప్పడం... కాలేజీలో చదివినవాళ్ళు చెప్పుకునే కథ ఇదే. సినిమావాళ్ళకి నచ్చిన కథా ఇదే. 1943లో హాలీవుడ్ వాళ్ళు ఆర్సన్ వెల్స్, జోన్ ఫాంటేన్‌లతో తీశారు. 1952లో మన హిందీవాళ్ళు దిలీప్ కుమార్, మధుబాలలతో 'సంగ్‌దిల్' అని తీశారు. అన్నట్టు ఆ హాలీవుడ్ సినిమాలో హెలెన్ బర్న్స్ అనే పిల్లగా, పేరైనా వెయ్యకుండా చూపించి వదిలేసిన అమ్మాయి ఎవరో కాదు, ఎలిజబెత్ టేలర్.

నవల తెరిచి చూడండి. మొత్తం 38 అధ్యాయాలు. మొదటి పదింటిలో రోచెస్టర్ నీడ కూడా పడదు. అవి ఒక పిల్ల కథ. ఆ పది అధ్యాయాలూ గబగబా తిప్పేసి 'అసలు కథ'లోకి వెళ్ళిపోవడం మనకి అలవాటైపోయింది. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది. మిగతా ఇరవై ఎనిమిదీ ఆ పిల్ల పెద్దదై ఎలా బతికిందో చెప్పే అధ్యాయాలు.

జేన్‌కి పదేళ్ళు. తల్లీ తండ్రీ పోయారు. మేనమామ తెచ్చి పెంచాడు, ఆయనా పోయాడు. పోతూ పోతూ ఈ పిల్లని కన్నబిడ్డలా చూసుకుంటానని భార్యచేత మాట తీసుకున్నాడు. ఆ మాటే పిల్ల మెడకి చుట్టుకుంది. రీడ్ అత్తయ్యకి ముగ్గురు పిల్లలు. ఆవిడ జేన్‌కి తిండి పెడుతుంది, గుడ్డ ఇస్తుంది, మాట మాత్రం నిలబెట్టుకోదు. కొడుకు జాన్‌కి పధ్నాలుగేళ్ళు. మన వరసల్లో చెప్పాలంటే జేన్‌కి బావ. బావా మరదళ్ళ సరసాలేవో ఊహించుకోకండి, వాడు చేసేదల్లా కొట్టడం. వారానికి ఒకటి రెండుసార్లు కాదు, రోజూ. అత్తయ్యకి అది కనపడదు, వినపడదు.

ఒక చలికాలపు మధ్యాహ్నం జేన్ కిటికీ తెర వెనక దాక్కుని పక్షుల బొమ్మల పుస్తకం చూసుకుంటూ ఉంటుంది. జాన్ వచ్చి, మా పుస్తకాలు ముట్టుకునే హక్కు నీకెక్కడిదని ఆ పుస్తకమే ఆమె మీదకి విసురుతాడు. తలుపుకి తల తగిలి నెత్తురొస్తుంది. ఆ పూట మొట్టమొదటిసారి జేన్ తిరగబడుతుంది. అంతే! కొట్టినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. దెబ్బ తిన్న పిల్లని తీసుకెళ్ళి ఎర్రగదిలో పెట్టి తాళం వేస్తారు. అది మేనమామ ప్రాణం పోయిన గది. ఎర్ర పరదాల పందిరి మంచం, పొయ్యి వెలిగించని చలి, బయట వాన, లోపల చీకటి. గోడమీద ఏదో వెలుతురు కదులుతుంది. ఎవరి చేతిలోని లాంతరు వెలుగో అయ్యుంటుందని పెద్దయ్యాక అనుకుంటుంది. పదేళ్ళప్పుడు అలా అనుకోవడం సాధ్యమా? పిల్ల కేక పెడుతుంది. పనివాళ్ళు పరుగెత్తుకొస్తారు. అత్తయ్య కూడా వస్తుంది. ఇదంతా నటన అని పిల్లని మళ్ళీ లోపలికి తోసి తాళం పెడుతుంది. అక్కడ జేన్‌కి స్పృహ తప్పుతుంది.

షార్లెట్ బ్రాంటీ ఈ నవల అచ్చు వేయించింది 1847లో, కరర్ బెల్ అనే మగపేరో ఆడపేరో తెలియని పేరుతో. అప్పటికి పదేళ్ళ కిందటే డికెన్స్ 'ఆలివర్ ట్విస్ట్' మొదలుపెట్టాడు. కాబట్టి నవలల్లో దిక్కులేని పిల్లలు కొత్త కాదు. కాని ఆలివర్‌ని మనం బయట నిలబడి చూస్తాం, చూసి జాలిపడతాం. జేన్ తన కథ తానే చెబుతుంది. జాలి పడడానికి మనకి తీరిక ఇవ్వదు, మనల్నీ ఆ గదిలోకి లాక్కుపోతుంది. పైగా ఆ పిల్ల మంచిపిల్ల కూడా కాదు. కోపం, మొండితనం, ఎదురు చెప్పే నాలిక, అన్నీ ఉన్నాయి. దెబ్బ తిన్న పిల్లలు ఎప్పుడూ కళ్ళు తుడుచుకుంటూ అణకువగా ఉంటారనుకోవడం మనవంటి పెద్దల కల్పన. చాలామంది పెంకెగా ఉంటారు, అంచేత ఇంకో నాలుగు తింటారు.

గదిలో జరిగినదానికంటే ఆ మర్నాడు జరిగింది మరీ బాగా రాసిందావిడ. ఆ ఇంట్లో రంగుల పిట్ట బొమ్మ వేసిన పింగాణీ పళ్ళెం ఒకటి ఉంది. దాన్ని ఒక్కసారి చేతిలో పట్టుకోనివ్వమని జేన్ ఎన్నోసార్లు బతిమాలుకుంది. మర్నాడు పనిమనిషి బెస్సీ ఆ పళ్ళెంలోనే మిఠాయి పెట్టి తెచ్చి ఒళ్ళో పెడుతుంది. పిల్ల తినలేదు. పిట్ట రంగులు కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. పోనీ పుస్తకమన్నా చదువుకోమ్మా అంటే ఎంతో ఇష్టమైన 'గలివర్ ప్రయాణాలు' తెప్పించుకుంటుంది. నిన్నటిదాకా నవ్వించిన మరుగుజ్జులు ఇవాళ భయపెడతారు. పుస్తకం మూసేస్తుంది. పిల్లకి జ్వరం లేదు, గాయం మానుతోంది, పైకి అంతా బాగానే ఉంది. ఇష్టమైనదేదీ ఇష్టంగా లేదు, అంతే. మన ఇళ్ళల్లో ఇలాంటప్పుడు 'ముభావంగా ఉంది, అదే సర్దుకుంటుంది' అంటాం. పిల్లలు మర్చిపోతారని మనకి గట్టి నమ్మకం.

జేన్ మర్చిపోలేదు. ఆ సంఘటన తర్వాత పెద్ద జబ్బేమీ చెయ్యలేదు గాని, ఆనాడు నరాలకి తగిలిన అదురు ఈనాటికీ ఒంట్లో పలుకుతూనే ఉందని, నడివయసుకి చేరువలో ఈ కథ చెబుతున్న జేన్ ఒక మాట అని ముందుకి వెళ్ళిపోతుంది. మనసులో అనడం లేదు, నరాల్లో అంటోంది. పద్దెనిమిదేళ్ళప్పుడు, పెళ్ళి చెడిపోయి, రోచెస్టర్ ఇల్లు విడిచి వెళ్ళాలా వద్దా అని నలిగిపోయే రాత్రి ఆమె కలలోకి వచ్చేది పెళ్ళిబట్టలు కావు, ఎర్రగదే.

రచయిత్రి పోలికకి వాడిందేమో అనుకోవచ్చు. కాని ఈ మాటకి సాక్ష్యం 150 ఏళ్ళ తర్వాత ఆసుపత్రుల్లోంచి వచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం శాండియేగో ఊళ్ళో విన్సెంట్ ఫెలిట్టీ అనే డాక్టరుగారు లావు తగ్గించే క్లినిక్ ఒకటి నడిపేవారు. ఆయనకో చిక్కు వచ్చింది. చక్కగా బరువు తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి వెళ్ళిపోతున్నారు. ఎందుకో తెలుసుకోవాలని ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి చిన్నప్పటినుంచీ సంగతులు అడగడం మొదలుపెట్టారు. ఒకసారి నోరు జారి ఒకామెని అడగాల్సిన ప్రశ్న మరోలా అడిగారు. దానికి ఆమె తన పసితనంలో ఇంట్లోనే తనకి జరిగిన ఘోరం చెప్పేసింది. ఆ తర్వాత అడిగిన కొద్దీ అలాంటివే బయటపడ్డాయి. అన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, అందుకని వాళ్ళు చెప్పలేదు.

దానిమీద ఆయనా, రాబర్ట్ అండా అనే మరో డాక్టరూ కలిసి 1995 నుంచి 1997 దాకా 17,000 మందికి పైగా పెద్దవాళ్ళని ప్రశ్నించారు. చిన్నతనంలో మిమ్మల్ని కొట్టేవారా, తిట్టి అవమానించేవారా, ఇంట్లో తాగుబోతులున్నారా, అమ్మని ఎవరైనా కొట్టడం చూశారా... ఇలాంటివి. 1998లో ఫలితాలు మొదట అచ్చయ్యాయి. వీళ్ళు మురికివాడల జనం కారు, ఉద్యోగాలూ, ఆరోగ్య బీమాలూ ఉన్న మధ్యతరగతివాళ్ళు. అయినా వీళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఇందులో ఏదో ఒకటైనా అనుభవంలో ఉంది. నాలుగూ అంతకంటే ఎక్కువా ఉన్నవాళ్ళల్లో తాగుడు, దిగులు జబ్బు, ఆత్మహత్యా ప్రయత్నాలు ఏ కష్టమూ లేనివాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మాట మనం ఊహించగలం. ఊహించనిదేమిటంటే గుండెజబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు, కాలేయం జబ్బులు కూడా ఎక్కువే.

ఎందుకలా? భయం వేసినప్పుడు ఒంట్లో ఎడ్రినలిన్, కార్టిసాల్ అనేవి ఊరతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి. అవసరానికి అది మంచిదే. పాలు కాగాలంటే మంట పెట్టాల్సిందేగా! పొంగు వచ్చాక ఎవరో ఒకరు వచ్చి మంట తగ్గించాలి. పిల్లల విషయంలో ఆ తగ్గించే చెయ్యి పెద్దవాళ్ళది, దగ్గరకి తీసుకుని, ఏం కాలేదులే అని వీపు నిమిరే చెయ్యి. ఆ చెయ్యే పొయ్యి ఎగదోస్తూ ఉంటే ఏ రోజుకారోజు గిన్నె అడుగంటుతుంది. పెరిగే మెదడు మీద, గుండె మీద, రోగాన్ని ఎదుర్కొనే శక్తి మీద ఆ మాడు పేరుకుంటుంది. ఇది కాక, లోపలి బాధ చల్లార్చుకోడానికి కొందరు సిగరెట్టో, సీసానో, అతిగా తిండో పట్టుకుంటారు. అదొక దారి.

ఇది చదివి ఎవరూ కంగారుపడి, నాకెన్ని మార్కులు, మా అబ్బాయికెన్ని మార్కులు అని లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఈ లెక్క జనం మొత్తానికి చెప్పుకోవాల్సిందే గాని, ఒక మనిషి జాతకం చూడ్డానికి పనికిరాదని 2020లో ఆ అండాగారే హెచ్చరించారు.

సరే, జేన్ దగ్గరికి వద్దాం. పిల్లకి స్పృహ తప్పిందని లాయిడ్ అనే మందులాయన్ని పిలుస్తారు. దొరలకి జబ్బు చేస్తే పెద్ద డాక్టరు వస్తాడు, నౌకర్లకి జబ్బు చేస్తే ఈయన. జేన్‌కి ఈయనే చాలనుకుంది అత్తయ్య. ఆ లోభమే పిల్లపాలిట వరమైంది. లాయిడ్ ఉన్న పేజీలు నాలుగైదుకి మించవు. ఆ నాలుగు పేజీలూ ప్రతి తల్లీ, ప్రతి టీచరూ చదవాలంటాను.

ఏం చేస్తాడాయన? కళ్ళెందుకు ఉబ్బి ఉన్నాయని అడుగుతాడు. బెస్సీ అందుకుని, అమ్మగారితో బండిలో షికారు వెళ్ళలేదని ఏడ్చిందండీ అంటుంది. ఇంత పిల్ల అంత చిన్నవిషయానికి ఏడవదని ఆయన నమ్మడు. కింద పడిందని బెస్సీ అంటే, నన్ను పడేశారని పిల్ల సరిచేస్తుంది. ఆయనకి అర్థమవుతుంది, ఇంటిమనిషి పక్కన ఉండగా ఈ పిల్ల నోరు విప్పదని. ఇంతలో నౌకర్ల భోజనాల గంట మోగుతుంది. నువ్వెళ్ళు, నేను ఈ పిల్లకి బుద్ధులు చెబుతూ ఉంటానని బెస్సీని పంపించేస్తాడు. చూడండి ఎంత తెలివో! బుద్ధులు చెబుతానంటే ఏ ఇంట్లోనూ ఎవరూ కాదనరు. ఆవిడ గడప దాటగానే ఆయన బుద్ధులేమీ చెప్పడు. పడితే ఇంత జబ్బు చెయ్యదు, మరి దేనివల్ల చేసింది అని అడుగుతాడు.

దయ్యం ఉన్న గదిలో పెట్టి తాళం వేశారు అంటుంది పిల్ల. ఆయనకి నవ్వొస్తుంది, కొంచెం వేళాకోళం కూడా చేస్తాడు. అంత ఉత్తముడేమీ కాదు పాపం. కాని అక్కడితో ఆగడు. దయ్యం సరే, ఇంకా ఏమిటి బాధ? ఇంకా? చుట్టాలెవరన్నా ఉన్నారా? బడికి వెళ్తావా? ఒక్కొక్కటే అడుగుతూ పోతాడు. జవాబు వచ్చేదాకా కాచుకుంటాడు. ఆఖరికి ఈ పిల్లకి గాలి మార్పు కావాలి, నరాలు బాగులేవు అని తనలో తను అనుకుని, అత్తయ్యకి బడి సంగతి చెప్పి వెళ్ళిపోతాడు. శాండియేగో డాక్టరు చేసిందీ ఇదే. అడగడం, ఆగడం, వినడం. లాయిడ్‌కి ఏ పరిశోధనా తెలీదు. ఎదురుగా ఉన్న పిల్ల అబద్ధం చెప్పడం లేదని మాత్రం తెలుసు.

బెస్సీ సంగతి వేరు. ఆమె కోపిష్టి, ఎర్రగదికి లాక్కెళ్ళిన ఇద్దరిలో ఒకతి. మళ్ళీ ఆమే కథలు చెబుతుంది, పాటలు పాడుతుంది, రాత్రి అందరూ మర్చిపోయిన పిల్లకి ఏదో ఇంత పెట్టి పక్క సర్ది ముద్దుపెట్టి వెళుతుంది. ఇటువంటి పాత్రల్ని పూర్తి దేవతగానో, పూర్తి రాక్షసిగానో రాసేస్తే సులువు. షార్లెట్ అలా రాయలేదు. పిల్లకి దొరికే ప్రేమ తరచు ఇలాగే ఉంటుంది, అరకొరగా, వేళకాని వేళల్లో, చేతకాని మనుషుల దగ్గర. అయినా అది ప్రేమే, ఒంటబడుతుంది.

బడి పేరు లోవుడ్. అనాథపిల్లల ధర్మబడి. 80 మంది ఆడపిల్లలు. మాడిపోయిన జావ, గడ్డకట్టిన నీళ్ళు. దాని పెత్తందారు బ్రాకిల్‌హర్స్ట్ అనే మతాచార్యుడు. పిల్లల ఒంటికి సుఖం తెలియనిస్తే ఆత్మ చెడిపోతుందని ఆయన సిద్ధాంతం. ఒక పిల్ల జుట్టు సహజంగా రింగులు తిరిగి ఉందని కత్తిరించమని ఆజ్ఞాపిస్తాడు. సరిగ్గా ఆ మాట అంటూండగానే ఆయన భార్యా కూతుళ్ళూ రింగుల జుట్టుతో, మఖమలు శాలువలతో లోపలికి వస్తారు. షార్లెట్‌కి హాస్యం రాదని ఎవరన్నారో గాని, ఈ ఒక్క చోటు చాలు.

ఆరోజే జేన్ చేతిలో పలక జారి పగులుతుంది. బ్రాకిల్‌హర్స్ట్ ఆమెని ఎత్తయిన స్టూలు మీద నిలబెట్టించి, ఇది అబద్ధాలకోరు, దీనితో ఎవరూ మాట్లాడకండి అని బడి అంతటికీ చాటి చెబుతాడు. మన బడుల్లో బెంచీ ఎక్కించడం, గోడకుర్చీ వేయించడం తెలిసినవాళ్ళకి ఆ స్టూలు ఎంత ఎత్తో వేరే చెప్పాలా? హెలెన్ బర్న్స్ ఏదో వంకపెట్టి ఆ స్టూలు పక్కనుంచి నడిచి వెళ్తూ ఒక్కసారి తలెత్తి నవ్వుతుంది. మాట కూడా లేదు. ఆ నవ్వుతో మిగిలిన సమయం నిలబడగలుగుతుంది జేన్.

ఆ సాయంత్రం హెడ్మిస్ట్రెస్ మిస్ టెంపుల్ ఇద్దరినీ తన గదికి పిలిచి, టీ, కేకు పెట్టి, నీమీద నేరం మోపారు కదా, నీ తరఫు మాట నువ్వు చెప్పు అంటుంది. చెబుతుంది జేన్. మిస్ టెంపుల్ వెంటనే వాటేసుకుని, నిన్ను నమ్ముతున్నాను తల్లీ అని కన్నీళ్ళు పెట్టుకుంటే మనకి బాగుండేది. మన సినిమాల్లో అయితే అదే జరిగేది. ఆవిడ అంతకంటే పెద్దపని చేస్తుంది. లాయిడ్ నాకు తెలుసు, ఆయనకి ఉత్తరం రాస్తాను, ఆయన జవాబు నీ మాటతో సరిపోతే అందరిముందూ నీ మచ్చ తుడిచేస్తాను అంటుంది. వారం తర్వాత జవాబు వస్తుంది. బడి మొత్తాన్ని సమావేశపరిచి, విచారించాను, ఈ పిల్లమీద మోపిన నేరం అబద్ధం అని ప్రకటిస్తుంది. ఎక్కడ అవమానం జరిగిందో అక్కడే, ఎవరిముందు జరిగిందో వాళ్ళముందే. మన ఇళ్ళల్లో పిల్లల్ని పదిమందిలో తిడతాం. తర్వాత తప్పు వాళ్ళది కాదని తెలిస్తే వంటింట్లోకి పిలిచి రహస్యంగా జంతిక చేతిలో పెడతాం. జంతిక మంచిదే, కాని లెక్క సరిపోలేదు.

ఇక్కడే నవలని చాలామంది తలకిందులుగా చదువుతారని నాకు అనిపిస్తుంది. కష్టాల కొలిమిలో కాలి జేన్ మేలిమి బంగారమైందంటారు. పిల్లలు కాస్త దెబ్బలు తిని పెరిగితేనే రాటుదేలుతారని చెప్పడానికి ఈ కథనే సాక్ష్యం తెస్తారు. దండం దశగుణం భవేత్ అన్న శ్లోకం మనకి ఎలాగూ ఉండనే ఉంది. మరి అదే బడి, అదే మాడు జావ, అదే చలి హెలెన్ బర్న్స్‌ని ఏం చేశాయి? క్షయతో చంపేశాయి. టైఫస్ జ్వరం వచ్చినప్పుడు 80 మందిలో 45 మంది ఒకేసారి మంచాన పడ్డారు. కొలిమే బంగారం చేసేటట్టయితే ఇంతమంది బూడిద ఎందుకయ్యారు? జేన్ నిలబడింది కష్టం వల్ల కాదు. బెస్సీ పాట, లాయిడ్ ప్రశ్న, హెలెన్ నవ్వు, మిస్ టెంపుల్ ఉత్తరం, వీటి వల్ల. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడింది కాదు.

రచయిత్రికి ఇది ఊహ కాదు. 1821లో తల్లి పోయేనాటికి షార్లెట్‌కి అయిదేళ్ళు. ఆరుగురు పిల్లలు. 1824లో నలుగురు ఆడపిల్లల్ని కోవన్ బ్రిడ్జి అనే ఊళ్ళో మతాచార్యుల కూతుళ్ళకోసం పెట్టిన బడికి పంపించాడు తండ్రి. మరుసటి సంవత్సరమే పెద్దమ్మాయి మరియా పదకొండేళ్ళకి, రెండో అమ్మాయి ఎలిజబెత్ పదేళ్ళకి క్షయతో పోయారు. హెలెన్ బర్న్స్ అంటే మా అక్క మరియాయే అని షార్లెట్ చెప్పుకుంది. 1857లో మిసెస్ గాస్కెల్ ఆమె జీవితచరిత్ర రాస్తూ ఆ బడి సంగతి బయటపెట్టినప్పుడు, బడి తరఫువాళ్ళు లేచి పెద్ద గొడవ చేశారు. పుస్తకం మార్చి వెయ్యాల్సివచ్చింది.

మిగిలిన పిల్లల్ని కాచినది ఏమిటి? టాబీ అనే వంటమనిషి ఒకావిడ. మాట కరుకు, కథలు మాత్రం బోలెడు. ముప్ఫై ఏళ్ళ దాకా ఆ ఇంటినే అంటిపెట్టుకుని ఉంది. 1836లో కాలు విరిగితే పెద్దవాళ్ళు ఆమెని పంపించేస్తామన్నారు. ఆడపిల్లలు ముగ్గురూ అన్నం మానేసి కూర్చుని, ఆమెని ఇంట్లోనే ఉంచుకుని సేవ చేశారు. రెండోది ఆట. 1826లో తండ్రి కొడుకుకోసం తెచ్చిన చెక్క సిపాయి బొమ్మల్ని పంచుకుని, వాటికి పేర్లు పెట్టి, రాజ్యాలు కట్టి, వేలెడంత పుస్తకాల్లో చీమతలకాయల్లాంటి అక్షరాలతో వాటి చరిత్రలు రాశారు. ఆడుకోనిస్తే పిల్లలు తమ గాయాలు చాలావరకు తామే కట్టుకుంటారు. అందరూ కాదు. అదే ఇంట్లో, అదే బొమ్మలతో ఆడుకున్న తమ్ముడు బ్రాన్వెల్ తాగుడులో పడి 1848లో 31 ఏళ్ళకే పోయాడు. ఏ పిల్ల నిలుస్తుంది, ఏ పిల్లవాడు జారతాడు అన్నది అంత తేలిగ్గా తేలే లెక్క కాదు.

ఆ లెక్క తేల్చడానికి ఒక జీవితకాలం వెచ్చించిన ఆడమనిషి ఉంది, ఎమ్మీ వెర్నర్. హవాయి దీవుల్లో కవాయి అనే చిన్న దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని తన తోటివాళ్ళతో కలిసి నలభై ఏళ్ళ వయసు దాకా వెంటాడి గమనించింది. పేదరికం, తాగుబోతు తండ్రి, మతి చలించిన తల్లి, ఇలాంటివి నాలుగైనా ఉన్న ఇళ్ళ పిల్లల్లో కూడా మూడోవంతు మంది చక్కగా, ధైర్యంగా, పదిమందికి పనికొచ్చేటట్టు పెరిగారు. వాళ్ళందరికీ కనీసం ఒక్క పెద్దదిక్కు ఉంది. అమ్మే అవక్కర్లేదు. అమ్మమ్మ, అక్క, పొరుగింటావిడ, బళ్ళో టీచరు, ఎవరో ఒకరు. పదహారేళ్ళప్పుడు చెడిపోయారనుకున్న వాళ్ళలో కూడా చాలామంది ముప్ఫైలకి వచ్చేసరికి బాగుపడ్డారట. పెంకిపిల్లల తల్లులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మనదేశంలో 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖవారు 13 రాష్ట్రాల్లో, మన ఆంధ్రప్రదేశ్‌తో సహా, విచారిస్తే ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తింటున్నట్టు తేలింది. 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షను బళ్ళో కొట్టడాన్నీ, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. ఇంట్లోకి ఆ సెక్షను రాదు. ఇంట్లో చీకటి బాత్‌రూములో పెట్టి గడియ వేసేవాళ్ళు, బూచాడికి ఇచ్చేస్తామనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. తమకి జరిగిందే చేస్తున్నారు. చలంగారు ఎప్పుడో 'బిడ్డల శిక్షణ' రాసి ఈ దెబ్బల మీద విరుచుకుపడితే, ఆయన మిగతా రాతల మీద కోపంతో దాన్నీ అటకెక్కించాం.

ఇంత మెచ్చుకున్నాక నవలలో నాకు గుచ్చుకునేది కూడా చెప్పాలి. హెలెన్ సహనం ఒకటి. బెత్తం దెబ్బ తిని కంట నీరు పెట్టకపోవడం, కొట్టిన టీచరుదే న్యాయమనడం, దాన్ని రచయిత్రి ఆరాధనగా చూడడం నాకు మింగుడుపడలేదు. చచ్చిపోయిన అక్క కాబట్టి దేవతని చేసింది కాబోలు. జేన్ మాత్రం ఆ పాఠంలో సగమే నేర్చుకుంటుంది. కోపం అణుచుకుని చెబితే నమ్ముతారని నేర్చుకుంటుంది గాని, కోపమే తప్పని ఒప్పుకోదు.

రెండోది ఇంకా పెద్దది. మేడమీద మూడో అంతస్తులో తాళం వేసిన గది, అందులో రోచెస్టర్ మొదటి భార్య బెర్తా. పదేళ్ళప్పుడు తాళం వేసిన గదిలో కేకలు పెట్టిన జేన్, ఆ తలుపు తెరుచుకున్నప్పుడు ఆ మనిషిలో మృగాన్ని చూస్తుంది. నిన్ను ఇలా చేసింది ఏమిటి అని ఒక్కరూ అడగరు. లాయిడ్ లాంటివాడు ఒక్కడూ ఆ మేడ ఎక్కడు. అందరి బాల్యం గురించీ ఇంత శ్రద్ధగా ఆలోచించిన నవల బెర్తాకి బాల్యమే ఇవ్వలేదు. 119 ఏళ్ళు పట్టింది ఆ లోటు తీరడానికి. వెస్టిండీస్‌లో పుట్టిన జీన్ రీస్ 1966లో 'వైడ్ సర్గాసో సీ' అనే చిన్న నవల రాసి, బెర్తాని మళ్ళీ పిల్లని చేసింది. తగలబడిన ఇల్లు, చచ్చిపోయిన తమ్ముడు, మతిపోయిన తల్లి, రాయి విసిరిన నేస్తం, అన్నీ ఉన్నాయందులో. రెండు నవలలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక పిల్లకి దిక్కు దొరికింది, ఒక పిల్లకి దొరకలేదు.

అత్తయ్య చావు గురించి చాలామంది అడుగుతారు, జేన్ క్షమించింది కదా, అంతా సుఖాంతమే కదా అని. జేన్ వెళ్ళిన మాట నిజం, క్షమించిన మాటా నిజం. అత్తయ్య మాత్రం మొహం తిప్పుకునే పోతుంది. తొమ్మిదేళ్ళ కిందట పదేళ్ళ పిల్ల తనని ఎదిరించి అన్న మాటలు ఆవిడింకా మర్చిపోలేదట! పిల్లలు మర్చిపోతారనుకునే పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తి అది.

ఇక అడెల్. రోచెస్టర్ ఇంట్లో జేన్ చదువు చెప్పే ఫ్రెంచి పిల్ల. తల్లి వదిలేసి వెళ్ళిపోయింది, తండ్రెవరో తేలదు. రోచెస్టర్ ఆమెని తన కూతురు కాదంటాడు, అయినా ఇంట్లో ఉంచుకున్నాడు. ఈ సంగతులన్నీ చెప్పి, ఇప్పుడు నీకు ఈ పిల్లంటే రోత పుట్టి ఉద్యోగం మానేస్తావేమో అంటాడు. ఇప్పుడింకా దగ్గరకి తీసుకుంటానంటుంది జేన్. విమర్శకులు అడెల్‌ని పట్టించుకోరు, సినిమాల్లో రెండు పాటలకి పనికొస్తుంది. చిట్టచివరి అధ్యాయంలో, పెళ్ళయి, రోచెస్టర్ గుడ్డివాడై, ఆయన్ని క్షణం విడవలేని స్థితిలో కూడా జేన్ ఆ పిల్లని వేసిన బడికి వెళ్ళి చూసి వస్తుంది. అక్కడి క్రమశిక్షణ మరీ కఠినం. పిల్ల పాలిపోయి, చిక్కిపోయి ఉంది. తనని చూడగానే వెర్రిగా సంతోషపడింది. జేన్ ఆమెని వెంట ఇంటికి తీసుకొచ్చేస్తుంది. తనే చదువు చెబుదామనుకుంటుంది, మొగుడి సేవతో కుదరదు. అప్పుడు ఇంకాస్త మెత్తని బడి, ఎప్పుడు కావలిస్తే అప్పుడు వెళ్ళి చూసి, ఒక్కోసారి ఇంటికి తెచ్చుకోగలిగినంత దగ్గరలో ఉన్నది వెతికి, అందులో చేరుస్తుంది.